అల్ కూజ్‌లో మెస్ పెట్టాలనుకుంటున్నాను, లైసెన్స్ కిరాయికి తీసుకోవచ్చా?

జగిత్యాల శ్రీను, దుబాయ్

అన్నలకు, అక్కలకు నమస్తే. మాది జగిత్యాల దగ్గర పల్లె. దుబాయ్ వచ్చి తొమ్మిదేళ్లయింది. ఒకే కంపెనీలో ఏసీ టెక్నీషియన్‌గా ఉన్నాను. జీతం 3,200 దిర్హాంలు, అందులో బేసిక్ 2,000. రూము కంపెనీదే.

మా క్యాంపులోనూ, చుట్టుపక్కల క్యాంపుల్లోనూ నిజామాబాద్, సిరిసిల్ల, కరీంనగర్ వాళ్లు బాగా ఉన్నారు. పొద్దున నాలుగున్నరకు సైటు బస్సు. ఎండలో పనిచేసి వచ్చినవాళ్లు రాత్రి పదింటి దాకా పొయ్యి దగ్గర వంతు కోసం నిలబడతారు. ఒకడు ఉల్లిగడ్డ కోస్తూ కూర్చున్నచోటే నిద్రపోవడం నా కళ్లతో చూశాను. మెస్సులు లేవని కాదు. మనవాళ్లకు సన్నబియ్యం అన్నం, పప్పు, పచ్చిపులుసు, సెలవు రోజు మటన్ ఉండాలి. అవి దొరకవు. మా బావమరిది ఊళ్లో పెళ్లిళ్లకు వంట చేస్తాడు. అతన్ని పిలిపించి నేనే మెస్ పెడదామని చాలా రోజులుగా ఆలోచిస్తున్నాను. నెలకు 350 దిర్హాంల లెక్కన 60 మంది ఇప్పటికే పేర్లు రాయించారు.

చిట్టీలతో కలిపి నా దగ్గర 85,000 దిర్హాంలున్నాయి. ఇక్కడ తెలిసినాయన ఒకరు తన కెఫెటేరియా లైసెన్స్ మీద నడుపుకో, నెలకు 2,500 ఇస్తే చాలు అంటున్నారు. షాపు కిరాయి ఏడాదికి 72,000, నాలుగు చెక్కులు. ఎజారీ (ప్రభుత్వం దగ్గర రిజిస్టర్ చేసే కిరాయి ఒప్పందం) ఆయన పేరు మీద ఉంటుంది, చెక్కులు మాత్రం నా ఖాతావి ఇవ్వాలట. ఇది నమ్మొచ్చా? సొంతంగా లైసెన్స్ తీసుకోవాలంటే లోకల్ స్పాన్సర్ కావాలా? బావమరిది వీసా ఖర్చు అతని జీతంలోంచి నెలనెలా పట్టుకోవచ్చా? ఉద్యోగం మానేస్తే గ్రాట్యుటీ ఎంత వస్తుంది? తెలిసినవాళ్లు చెప్పండి.

ఆర్మూర్ అన్న, సత్వా

తమ్ముడూ, ఆ లైసెన్స్ జోలికి పోకు. సత్వాలో నాది టైలరింగ్ షాపు. ఈ కిరాయి లైసెన్సుల సంగతి పక్క షాపుల్లో చూస్తూనే ఉన్నాను.

మా వరసలో ఒకతను వేరేవాళ్ల లైసెన్స్ మీద జ్యూస్ షాపు నడిపేవాడు. బేరం బాగుండేది. ఒకరోజు లైసెన్స్ ఉన్నాయన షాపును ఇంకొకరికి అమ్మేశాడు. ఫ్రిజ్‌లు, మిషన్లు, అద్దాల కౌంటర్, అన్నీ ఇతని డబ్బుతో కొన్నవే. బిల్లులన్నీ లైసెన్స్ పేరు మీద ఉన్నాయి. కేసు వేద్దామంటే చూపించడానికి ఒక్క కాగితం లేదు. వర్కర్ల వీసాలు కూడా ఆ లైసెన్స్ కిందివే, వాళ్లు కొత్త యజమాని దయ మీద ఉండిపోయారు. అతను ఇప్పుడు మళ్లీ జీతానికి పనిచేస్తున్నాడు.

నీ బేరం ఇంకా అన్యాయం. షాపు మీద హక్కు ఆయనది, బాకీ నీది. 2022 జనవరి 2 నుంచి ఖాతాలో డబ్బు లేక చెక్కు బౌన్స్ అయితే మామూలుగా క్రిమినల్ కేసు ఉండదు, నిజమే. కానీ ఆ చెక్కు పట్టుకుని నేరుగా బాకీ వసూలు చేయించే ఎగ్జిక్యూషన్ కోర్టుకు వెళ్లొచ్చు. ఖాతా ఆపిస్తారు, ట్రావెల్ బ్యాన్ కూడా పడొచ్చు. ఇంట్లో చావో పెళ్లో వచ్చినా విమానం ఎక్కలేవు. ఆయన లైసెన్స్ కోసం నీ సంతకంతో చెక్కులు ఇవ్వాల్సిన పనేముంది?

లోకల్ స్పాన్సర్ మాట పాతది. 2021 జూన్ 1 నుంచి మెయిన్‌ల్యాండ్‌లో, అంటే ఫ్రీ జోన్ల బయట, చాలా వ్యాపారాలకు 51 శాతం వాటా ఎమిరాతీకి, అంటే ఈ దేశ పౌరుడికి, ఇవ్వాలన్న నిబంధన పోయింది. దుబాయ్‌లో వ్యాపార లైసెన్సులిచ్చే డీఈటీ కౌంటర్‌లో నీ వ్యాపారం పేరు చెప్పి జాబితాలో ఉందో లేదో అడుగు. ఒక్క యజమానితో కూడా ఎల్‌ఎల్‌సీ (పరిమిత బాధ్యత కంపెనీ) పెట్టుకోవచ్చు. ఫ్రీ జోన్ (వేరే నిబంధనలున్న ప్రత్యేక వ్యాపార ప్రాంతం) లైసెన్స్ చవకగా ఇప్పిస్తామని నీకు ఫోన్లు వస్తాయి. దాంతో అల్ కూజ్ రోడ్డు మీద మెస్ తెరవలేవు, డబ్బు పోగొట్టుకోకు.

బావమరిది వీసా డబ్బులు అతని జీతంలోంచి పట్టుకోవడం చట్టం ఒప్పుకోదు. ఆ ఖర్చు యజమానిదే. మనం వచ్చినప్పుడు ఏజెంట్లకు అప్పు చేసి కట్టి, రెండేళ్లు అది తీర్చడానికే పనిచేశాం కదా. ఇంకొకరి చేత, అందులోనూ ఇంటివాడి చేత, అదే కట్టించొద్దు.

గ్రాట్యుటీ లెక్క సులువు. మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్, ఆ తర్వాత ఏడాదికి 30 రోజులు. నీకు 105, 120 కలిపి 225 రోజులు. 2,000 బేసిక్‌కు సరిగ్గా 15,000 దిర్హాంలు. నీ అంతట నువ్వు రిజైన్ చేసినా తగ్గించకూడదు. కాంట్రాక్టు ముగిశాక 14 రోజుల్లో ఇవ్వాలి. నోటీసు మాత్రం కాంట్రాక్టులో ఎన్ని రోజులు రాసి ఉంటే అన్ని రోజులు పనిచేసి బయటికి రా.

లక్ష్మి, షార్జా

శ్రీను గారూ, నేను ఒక కేటరింగ్ కంపెనీలో ఫుడ్ సేఫ్టీ చూస్తాను. కాగితాల గురించి ఆర్మూర్ అన్నగారు చెప్పారు కాబట్టి నేను అన్నం గురించి చెప్తాను.

నాలుగున్నర బస్సుకు బాక్సు ఇవ్వాలంటే మీరు రెండింటికి వంట మొదలుపెట్టి మూడున్నరకు మూతలు పెట్టాలి. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా ఎండలో పని ఆపే సమయం మధ్యాహ్నం 12:30 నుంచి 3 దాకా. అంటే ఆ బాక్సు తెరిచేసరికి తొమ్మిది గంటలు. వండిన పదార్థం 5 డిగ్రీల లోపు చల్లగానో, 60 డిగ్రీల పైన వేడిగానో ఉండాలి. సైటులో ఇనుప కంటైనర్ పక్కన పెట్టిన ప్లాస్టిక్ బాక్సు ఆ రెండింటి మధ్యే ఉంటుంది. అన్నం విషయంలో ఇంకా జాగ్రత్త. వేడి అన్నాన్ని బాక్సులో నొక్కి మూత పెడితే గంటల తరబడి గోరువెచ్చగా ఉంటుంది. అందులో పెరిగే బ్యాక్టీరియా వదిలిన విషం మళ్లీ వేడి చేసినా పోదు. వాంతులు మొదలయ్యాక ఎండదెబ్బ అనుకుని పడుకునేవాళ్లను చూశాను. అసలు కారణం చాలాసార్లు బాక్సులోనే ఉంటుంది.

అందుకే పొద్దున చపాతీ, పొడి కూర లాంటివి ఇచ్చి పంపండి. మధ్యాహ్నం అన్నం, పప్పు పదింటికి విడిగా వండి, హాట్ బాక్సుల్లో 12 లోపు సైటుకు చేర్చండి. ఆ బండికి మున్సిపాలిటీ పర్మిట్ ఉండాలి. ఖర్చు పెరుగుతుంది, 350కి కుదరకపోవచ్చు. 400 అడగండి, కారణం చెప్పండి. ఒప్పుకోని కొద్దిమందిని వదులుకున్నా ఫర్వాలేదు.

వంట చేసేవాళ్లకు ఆక్యుపేషనల్ హెల్త్ కార్డు తప్పనిసరి. ఫుడ్ సేఫ్టీకి బాధ్యత వహించే, ట్రైనింగ్ తీసుకున్న పర్సన్ ఇన్ చార్జ్ ఒకరు ఉండాలి. ఆ ట్రైనింగ్ మీరే తీసుకోండి. వంట మీ బావమరిదిదైనా తినేవాళ్ల బాధ్యత మీది కదా.

కాకినాడ అకౌంటెంట్, దేరా

పన్నుల మాట క్లుప్తంగా చెప్తాను. కమర్షియల్ కిరాయి మీద 5 శాతం వ్యాట్ ఉంటుంది, 72,000కు 3,600. చెప్పిన కిరాయిలో అది కలిసి ఉందో లేదో అడగండి. 60 మందికి 350 చొప్పున ఏడాదికి 2,52,000 అవుతుంది, అప్పటికి వ్యాట్ రిజిస్ట్రేషన్ మీ ఇష్టం. 90 మంది అయితే 3,78,000. 3,75,000 దాటారు కాబట్టి తప్పనిసరి. లక్ష్మి గారు చెప్పినట్టు 400 పెడితే 79వ మనిషితోనే ఆ గీత దాటుతారు.

కార్పొరేట్ ట్యాక్స్ 3,75,000 పైన లాభానికి 9 శాతం. మీకు అంత లాభం రాకపోయినా రిజిస్టర్ కావాలి. ఆలస్యమైతే జరిమానా 10,000. చిన్న షాపుల వాళ్లు చాలామంది ఇక్కడే దెబ్బ తింటున్నారు. లైసెన్స్ వచ్చిన వారంలోనే ఆ పని చేసెయ్యండి.

జగిత్యాల శ్రీను, దుబాయ్

అందరికీ దండాలు. ఆయనకు వద్దని చెప్పేశాను. సొంత లైసెన్సే తీసుకుంటాను. లక్ష్మి అక్కా, 400 సంగతి రాత్రి క్యాంపులో మాట్లాడాను. మధ్యాహ్నం వేడి అన్నం వస్తుందంటే ఎక్కువమంది సరేనన్నారు. ఇంకో రూము చూశాను, 68,000. మొన్నటిదాకా బకాలా (కిరాణా షాపు) నడిచిందట. వాచ్‌మన్ రేపే చెక్కు తెమ్మంటున్నాడు.

ఆర్మూర్ అన్న, సత్వా

రేపు చెక్కు ఇవ్వకు. బకాలా నడిచిన రూములో పొయ్యి పెట్టే ఏర్పాటు ఉండదు. పొగ గొట్టం డాబా దాకా వేయడానికి దారి ఉందా, డ్రైనేజీలోకి నూనె, జిడ్డు పోకుండా ఆపే గ్రీజ్ ట్రాప్ పెట్టే చోటుందా, గ్యాస్‌కు సివిల్ డిఫెన్స్ (అగ్నిమాపక శాఖ) వాళ్లు ఒప్పుకుంటారా అని ముందు చూడు. ఇవి తెలియకుండా తీసుకుంటే కిరాయి ఒకవైపు నడుస్తుంటే షట్టర్ మూసుకుని కూర్చోవాలి. మొదట ట్రేడ్ నేమ్, ఇనీషియల్ అప్రూవల్ తీసుకో. కిచెన్ ప్లాన్ గీయించి మున్సిపాలిటీకి చూపించు. ఆ తర్వాతే కిరాయి కాగితం. అందులో కూడా ప్లాన్‌కు అనుమతి రాకపోతే చెక్కులు తిరిగి ఇవ్వాలని ఒక లైను రాయించు. వాచ్‌మన్‌తో కాదు, బిల్డింగ్ ఓనర్ ఆఫీసుతో మాట్లాడు. ఏ రోజు వెళ్తావో చెబితే నేనూ వస్తాను, మధ్యాహ్నం షాపు మూసే టైములో ఖాళీగానే ఉంటాను.