న్యూజెర్సీ: నాన్నగారికి నర్సింగ్ హోమ్ ఖర్చుకి మెడికెయిడ్ (ఆదాయం, ఆస్తి తక్కువున్నవారికి ప్రభుత్వ ఆరోగ్య సాయం) కావాలి. ఊళ్లో పొలం, బాబాయికి రాసిచ్చిన వాటా లెక్కలోకి వస్తాయా?

రారిటన్_తెలుగు:
నాన్నగారికి 81 ఏళ్లు, అమెరికా పౌరులు. అమ్మ లేరు. డిమెన్షియా ముదిరింది, నర్సింగ్ హోమ్‌లో చేర్చక తప్పేలా లేదు. సోషల్ సెక్యూరిటీ 2,200, పెన్షన్ 950, మొత్తం నెలకు 3,150 డాలర్లు. బ్యాంకులో 38,000 ఉన్నాయి. తెనాలి దగ్గర ఎకరంన్నర మాగాణి ఆయన పేరునే ఉంది, కౌలుకిచ్చాం. 2023లో తాతగారి ఇంట్లో తన వాటాని డబ్బు తీసుకోకుండా బాబాయికి రాసిచ్చారు. 2024లో నాకు 18,000 ఇచ్చారు. గిఫ్ట్ టాక్స్ పరిమితిలోనే ఉంది కాబట్టి ఇబ్బంది లేదని అకౌంటెంట్ అన్నారు. ఇండియా ఆస్తి కూడా చెప్పాలా?

ఎల్డర్‌లా_పారాలీగల్:
చెప్పి తీరాలండీ. ఒంటరి మనిషికి ఆస్తి పరిమితి 2,000 డాలర్లు. ఆస్తి ఏ దేశంలో ఉందని కాదు, అమ్మి సొమ్ము చేసుకునే హక్కు ఆయనకు ఉందా అని చూస్తారు.

గిఫ్ట్ టాక్స్ పరిమితి ఐఆర్‌ఎస్ (అమెరికా పన్నుల శాఖ) లెక్క. దానికీ మెడికెయిడ్‌కీ సంబంధం లేదు. దరఖాస్తు నాటి నుంచి 60 నెలలు వెనక్కి వెళ్లి, ఊరికే ఇచ్చిన ప్రతిదీ అడుగుతారు. మీకిచ్చిన 18,000, బాబాయికి రాసిచ్చిన వాటా, రెండూ అందులో పడతాయి. అన్నదమ్ముల మధ్య హక్కు విడుదల మనకు మామూలు విషయమే గానీ, దస్తావేజులో 'ప్రతిఫలం లేకుండా' అని ఉంటే ఇక్కడ అది దానమే. ఒకవేళ అంతకుముందే పంపకాల్లో పొలం నాన్నగారికి, ఇల్లు బాబాయికి అని తేలి ఉంటే కథ మారుతుంది, అప్పుడు ఆయన బదులుగా విలువ తీసుకున్నట్టే. కానీ నోటిమాట చెల్లదు, ఆ నాటి పంపకాల కాగితం చూపించాలి. ముందు దాన్ని వెతకండి.

కాగితం దొరక్కపోతే లెక్క ఇలా ఉంటుంది. వాటా విలువ 42,000 అనుకుందాం. మీ 18,000తో కలిపి 60,000. రాష్ట్రం వాడే రోజు ఖర్చు ఏటా మారుతుంది, తేలిగ్గా 400 అనుకుంటే 150 రోజులు కవరేజీ రాదు. ఆ 150 రోజులు 2023 నుంచి మొదలుకావు. నర్సింగ్ హోమ్ స్థాయి సంరక్షణ అవసరమై, దరఖాస్తు పెట్టి, చేతిలో 2,000 లోపు మిగిలిన రోజు నుంచి మొదలవుతాయి. అంటే డబ్బంతా అయిపోయాకే శిక్షాకాలం. చాలా కుటుంబాలు ఇరుక్కునేది సరిగ్గా ఇక్కడే. మీ 18,000 పూర్తిగా ఆయన ఖాతాలో తిరిగి వేస్తే ఆ భాగం రద్దవుతుంది. ఆ డబ్బు ఆయన ఖర్చులకే వాడాలి.

పొలం అమ్మిన సొమ్ముతో 2028 దాకా సొంతంగా కట్టుకోగలిగితే, 2023 బదిలీ 60 నెలలు దాటిపోతుంది. తొందరపడి ముందే దరఖాస్తు పెట్టకండి, ఈ రెండు లెక్కలూ పక్కపక్కన వేసి చూడండి.

గుంటూరు_దస్తావేజు:
పొలం సంగతి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో మార్కెట్ విలువ సర్టిఫికెట్, ఈసీ (పొలం మీద లావాదేవీలు, అప్పులు చూపే పత్రం), రెవెన్యూ రికార్డుల నుంచి 1బి, అడంగల్ (పొలం ఎవరి పేరున ఉంది, ఎవరు సాగు చేస్తున్నారో చూపేవి) తీయించండి. తెలుగులో ఉన్నవాటికి ఇంగ్లీషు అనువాదం జతచేయాలి. పొలాన్ని ఇండియాలో ఉండే భారతీయ పౌరుడికే అమ్మాలి. సొమ్ము ఎన్‌ఆర్‌ఓ ఖాతాలో (విదేశాల్లో ఉండేవాళ్లకి ఇండియాలో ఉండే బ్యాంకు ఖాతా) పడుతుంది, అక్కణ్ణుంచి ఆర్థిక సంవత్సరానికి పది లక్షల డాలర్ల దాకా సీఏ సర్టిఫికెట్‌తో తెచ్చుకోవచ్చు.

అసలు చిక్కు సంతకం. అమ్మే అధికారం మీకిస్తూ జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) రాయాలంటే విషయం ఆయనకు అర్థమవ్వాలి. ఇంకా ఆ స్థితిలో ఉంటే ఈ వారమే డాక్టరు చేత ఆ సంగతి రాయించుకుని ఇండియన్ కాన్సులేట్‌కి వెళ్లండి. ఆ జీపీఏ ఇండియా చేరిన మూడు నెలల్లోపు దానికి స్టాంపు వేయించాలి. ఇక్కడి పవర్ ఆఫ్ అటార్నీని అక్కడి రిజిస్ట్రేషన్‌కి నేరుగా ఒప్పుకోరు. అర్థమయ్యే స్థితి దాటిపోతే కోర్టు ద్వారా గార్డియన్ కావాలి, దానికి నెలలు పడుతుంది. అప్పుడు ప్లీడరు నోటీసు, కేసు నంబరు, ఈమెయిళ్లు అన్నీ దాచండి. తన తప్పు లేకుండా చేతికందని ఆస్తిని లెక్కలోంచి తీసేయమని ఇక్కడ అడగడానికి అవే ఆధారం.

ఎల్డర్‌లా_పారాలీగల్:
ఆదాయం మర్చిపోయాం. 2026లో పరిమితి 2,982 డాలర్లు, ఒక్క డాలరు దాటినా రాదు. దీనికి క్యూఐటీ, అంటే క్వాలిఫైడ్ ఇన్‌కమ్ ట్రస్ట్ కావాలి. దానికి వేరే బ్యాంకు ఖాతా తెరిచి, పెన్షన్ 950ని చెక్కు మొత్తంగా నెలనెలా అందులో వేయండి, సగం వేయడం కుదరదు. అప్పుడు లెక్కకొచ్చేది సోషల్ సెక్యూరిటీ 2,200, దాంతో కౌలు. కౌలు కూడా ఆదాయమే, చూపించండి. ట్రస్టులో పొదుపు డబ్బు కలపకూడదు. ఒక నెల వేయడం మరిస్తే ఆ నెల కవరేజీ పోయినట్టే. వెనకటి తేదీతో సరిచేయడం కుదరదు.

గ్రీన్ కార్డు తల్లిదండ్రులకు వేరే లెక్క: మామూలుగా అయిదేళ్ల నిరీక్షణ, ఆ తర్వాత కూడా ఐ-864 (గ్రీన్ కార్డు కోసం స్పాన్సర్ ఇచ్చే పోషణ హామీ) ఇచ్చిన పిల్లల ఆదాయం అడ్డురావచ్చు.

కేస్‌మేనేజర్_ఎన్‌జే:
వైద్య అంచనాకి నర్సు వచ్చిన రోజు మీరు పక్కనే ఉండండి. 'స్నానం ఎవరు చేయిస్తారు?' అంటే మన పెద్దలు పరువుకోసం 'నేనే చేసుకుంటానమ్మా' అనేస్తారు, ఆమె అదే రాసుకుంటుంది. స్నానం, బట్టలు, టాయిలెట్, మంచంలోంచి లేవడం, తినడం: దేనికి ఎంత సాయం కావాలో కాగితం మీద రాసి ఇవ్వండి. రాత్రి తలుపు తీసుకుని వెళ్లిపోవడం లాంటివి తేదీలతో సహా.

మెడికెయిడ్ వచ్చాక నిలబెట్టుకోవడం ఇంకో పని. ఏటా రెన్యువల్ కవరు వస్తుంది. అది ఆయన పాత ఇంటి చిరునామాకి పోయి, ఎవరూ తెరవక మూతపడిన కేసులే ఎక్కువ. కౌంటీ ఆఫీసులో మీ పేరు అధికార ప్రతినిధిగా, మీ చిరునామా పెట్టించండి. ఆయన చేతి ఖర్చుకి నెలకు 50 డాలర్లు వదులుతారు, అవి ఖర్చు కాకుండా పేరుకుని బ్యాలెన్స్ 2,000 దాటితే అర్హత పోతుంది. చెప్పులు, వినికిడి యంత్రం బ్యాటరీలు, మంగలి ఖర్చు, ఏదో ఒకటి కొంటూ ఉండండి. ఊళ్లో ఎవరి ఆస్తిలోనైనా వాటా వచ్చి ఆయన వద్దని వదులుకున్నా అది కొత్త బదిలీ కిందే లెక్క.

ఆపేస్తున్నామని నోటీసు వస్తే దాని మీది తేదీ చూడండి. ఫెయిర్ హియరింగ్ (ఆ నిర్ణయం మీద అప్పీలు విచారణ) అడగడానికి 20 రోజులే గడువు. కవరేజీ ఆగే తేదీలోపే అడిగితే తీర్పు వచ్చేదాకా పాతది కొనసాగుతుంది, మీరు ఓడిపోతే ఆ ఖర్చు వాళ్లు వెనక్కి అడగొచ్చు. ఫ్యాక్స్‌లో పంపండి, చేరినట్టు వచ్చే కాగితం దాచండి.