‘ముప్పై ఆకులు...’ తర్వాత ఏముంది?

చుక్కలముగ్గు: అందరికీ నమస్కారం. మొన్న ఒక ప్రసంగం విన్నాను. మొలకెత్తే గోడలు, బూజుతో పెంచిన ఇటుకలు, ఇంట్లో గాలీ వెలుతురూ ఏఐ చూసుకోవడం, ఇలాంటివి. ఆర్కిటెక్ట్ గారు చివర్లో పాత చైనా తత్వవేత్త లావోజీ మాట అంటూ తెలుగులోనే ఒక వాక్యం చెప్పారు. ‘ముప్పై ఆకులు ఒక్కచోట చేరినా బండిని నడిపేది ఆ నడిమి...’ అక్కడే ఆగిపోతున్నాను. శూన్యమా? బోలా? బయలా? ఇది ఎవరి అనువాదం? అసలు ఆకులు బండిని నడపడమేంటి, పచ్చని గోడల కోసం తెచ్చారా?

పెద్దబాలశిక్ష: చెట్టు ఆకులు కావమ్మా, చక్రం ఆకులు. నాభి నుంచి అంచు దాకా బిగించే కర్రలు. లావోజీ పేరున ఉన్న ‘దావో ద జింగ్’లో పదకొండో అధ్యాయం. చక్రం, కుండ, గది వరసగా వస్తాయి. ఆ చివరి పదం ‘శూన్యం’ అయ్యుండాలి, అందరూ అలాగే రాస్తారు.

గుణింతం: అందరూ రాస్తారు గానీ రాయకూడదు మాస్టారూ. శూన్యం అనగానే మనకు శూన్యవాదం చెప్పిన బౌద్ధాచార్యుడు నాగార్జునుడు గుర్తొస్తాడు. చైనీయంలో అక్కడున్నది ‘వూ’, దాని జోడు ‘యౌ’. ఉండటం, కలిగి ఉండటం రెంటికీ యౌ ఒక్కటే. లేకపోవడానికి వూ. మనకు అచ్చంగా అలాంటి జంటే ఉంది: కలిమి, లేమి. సంస్కృతం దాకా పోనక్కర్లేదు.

లోగిలి: బాగుంది, కానీ ‘గది ఉపయోగం దాని లేమిలో ఉంది’ అని రాసి చూడండి. హాస్టల్లో సీటు దొరకని కుర్రాడి గోడులా ఉంటుంది. నిద్రలేమి, పోషకాహార లేమి అని పేపర్లు ఆ మాటను ఎప్పుడో పాడుచేశాయి. నా ఓటు ‘బయలు’కే. ఆరుబయలు, పచ్చిక బయలు, బట్టబయలు. ఖాళీ ఉంది, పైగా మనిషి మసలే చోటు కూడా. మండువా లోగిలిలో కప్పు లేని ఆ నడిమి భాగాన్ని ఇంకేమంటారు? వానా వెన్నెలా అక్కడి నుంచే ఇంట్లోకి వస్తాయి.

గుణింతం: చక్రం నాభిలో ఇరుసు దూరే కంతను బయలంటారా? కుండ లోపలిది బయలా? మూడింటికీ కుదిరే మాట కావాలి కదండీ. మీది గదికి మాత్రమే కుదిరింది.

చుక్కలముగ్గు: ఆయన ‘గోడలూ కప్పూ ఇల్లు కాదు’ అని కూడా అన్నారు. అదీ లావోజీదేనా?

లోగిలి: కాదండీ. మూలంలో గోడలూ లేవు, కప్పూ లేదు. తలుపులూ కిటికీలూ తొలిచి గది చేస్తారు, అంతే. కప్పూ గోడలూ జపాన్ రచయిత ఒకాకురా తేనీటి పుస్తకం నుంచి వచ్చాయి, 1906లో ఇంగ్లీషులో రాశాడు. అమెరికన్ ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ లాయిడ్ రైట్ దాన్ని చదివి, ఆ మాటను అరిజోనాలో తన ఇల్లు టాలీసిన్ వెస్ట్ గోడకు ఎక్కించాడు. అప్పట్నుంచీ ఆర్కిటెక్టులందరూ రైట్ వాక్యాన్ని లావోజీ పేరుతో అప్పజెబుతున్నారు. నాకు ముఖ్యం ఆ ‘తొలిచి’. కట్టే ఇల్లు కాదది, తొలిచే ఇల్లు. చైనాలో షాన్‌షీ వైపు పసుపు మట్టి గుట్టల్లో ఇప్పటికీ యావోదోంగ్ అనే గుహ ఇళ్లున్నాయి. మట్టి మందం వల్ల ఎండాకాలం చల్లగా, చలికాలం వెచ్చగా ఉంటాయి. ఏఐ అక్కర్లేదు.

పాలపిట్ట: అందరూ పదం పట్టుకుని వేలాడుతున్నారు, అసలు గొడవ విరుపు దగ్గరుంది, వాక్యాన్ని ఎక్కడ ఆపి చదవాలన్నది. పాత చైనీయంలో కామాలు లేవు. ‘వూ’ దగ్గర ఆపితే ‘దాని లేమిలోనే బండి ఉపయోగం ఉంది’. ఒక అక్షరం జరిగి ‘వూ-యౌ’ దగ్గర ఆపితే ‘లేమీ కలిమీ కలిసిన చోట బండి ఉపయోగం’. చైనా చివరి రాజవంశం ఛింగ్ కాలం పండితుల్లో రెండోదాన్ని పట్టుకున్నవాళ్లున్నారు. 1973లో చైనాలోని మావాంగ్‌దుయ్ సమాధిలో దొరికిన, పట్టుబట్ట మీద రాసిన ఈ పుస్తకం ప్రతుల్లో ఈ వాక్యాల చివర ‘యే’ అనే అక్షరం అదనంగా ఉంది. అది రెండో విరుపుకే బలం అంటారు.

పెద్దబాలశిక్ష: యే! మన ‘వల్లనే’, ‘లోనే’లో ఉన్న ఏ లాంటిదన్నమాట. చూశారా, దూరపు చుట్టాలం.

పాలపిట్ట: మాస్టారూ, దయచేసి వద్దు. పోయిన నెల జపనీయంతో చుట్టరికం కలిపారు, ఇంకా తేరుకోలేదు.

గుణింతం: అయితే అధ్యాయం చివరి వాక్యం సంగతేంటి? ‘కలిమి వల్ల లాభం, లేమి వల్ల ఉపయోగం’ అని రెంటినీ విడదీశాడుగా. మొదటి విరుపే సరి.

పాలపిట్ట: రెండూ కావాలనే కదా దాని అర్థం కూడా! మట్టి లేకపోతే కుండలో ఖాళీ ఎక్కడిది?

ఇటుకబట్టీ: ఈ వృత్తిలో ఉన్నవాణ్ణి, నాదీ ఒక మాట. 2014లో న్యూయార్కులో ది లివింగ్ అనే బృందం మొక్కజొన్న చొప్ప, శిలీంధ్రపు పోగులు అచ్చుల్లో పోసి దాదాపు 10,000 ఇటుకలు పెంచింది. కాల్చలేదు, పెంచింది. గోపురం కట్టి, ప్రదర్శన అయ్యాక ఎరువు చేసేశారు. అదే బృందం స్లైమ్ మోల్డ్ అనే బూజులాంటి జీవి దారులు వెతుక్కునే తీరును ప్రోగ్రాముగా రాసి, ఎయిర్‌బస్ విమానానికి లోపలి అడ్డగోడ గీయించింది. మా వాళ్లు దీన్ని ‘ప్రకృతిని అనుసరించే దావో’ అంటారు, దావో అంటే మార్గం. 25వ అధ్యాయంలో ‘జురాన్’ ప్రకృతి కాదు కదా, ‘తనంతట తాను అలా ఉండటం’. బూజుకు అది సరే. ప్రోగ్రాముకు?

గుణింతం: తనంతట తాను ఎక్కడండీ? బరువు తగ్గించమని లక్ష్యం పెట్టింది మనిషి. లక్ష్యం ఉన్నచోట జురాన్ లేదు.

లోగిలి: అలాగైతే ఇటుక కూడా లేదు. బూజును అచ్చులో పోసిందెవరు?

ఇటుకబట్టీ: అందుకే ఆ పదాన్ని వదిలేసి ఊరికే ‘పెంపకం’ అందామంటాను. మా క్లయింట్లు ఒప్పుకోరు, దావో అంటేనే రేటు పలుకుతుంది.

చుక్కలముగ్గు: అయ్యా, ఆ తెలుగు వాక్యం ఎవరిదో...

పెద్దబాలశిక్ష: వస్తున్నానమ్మా. కలిమి లేమి అన్నారు కాబట్టి చెబుతున్నాను, ఈ తగవు మన పోతన ఎప్పుడో తేల్చేశాడు. ‘కలడు కలండనెడివాడు కలడో లేడో’. ఒక్క పాదంలో మూడు కలుగుటలు, ఒక లేకపోవుట. గజేంద్రుడు దావో చదివాడా ఏమిటి!

పాలపిట్ట: తేల్చలేదు మాస్టారూ, ‘కలడో లేడో’ అని ప్రశ్నలో వదిలాడు. కానీ ఒకటి. కందం కాబట్టి నాలుగో గణం మొదట యతి పడాలి. మొదటి ‘క’కు ‘కలడో’లో ‘క’. ‘అనెడివాడు’ దగ్గర విరుపు ఛందస్సే కట్టిపెట్టింది, ఎవడూ కామా జరపలేడు. లావోజీకి యతి ఉండుంటే రెండువేల ఏళ్ల వ్యాఖ్యానాలు తప్పేవి.

గుణింతం: యతి సరే, మూడో గణం ‘డివాడు’ జగణం, అదీ నియమం ప్రకారమే. నడక చూశారా, ‘కలండనె’ దగ్గర తడబడినట్టుండి ‘వాడు’ దగ్గర నిలదొక్కుకుంటుంది.

లోగిలి: తడబాటెక్కడండీ? ఏనుగు అరుపది. చదివి కాదు, పాడి చూడండి.

పెద్దబాలశిక్ష: అది ‘కలడు’ కాదు, ‘కలఁడు’. అరసున్నలు ఎగరగొట్టి ఛందస్సు మాట్లాడుతున్నారు మీరంతా.

పాలపిట్ట: అరసున్నకు మాత్ర లేదు మాస్టారూ, గణం మారదు.

పెద్దబాలశిక్ష: గణం మారదు, పలుకుబడి మారుతుంది. ‘వాఁడు’లో ముక్కు పలకకపోతే ఆ పాదానికి ప్రాణమే లేదు.