కొత్త స్మోక్‌లెస్ మజిల్‌లోడర్‌కి ఏ బుల్లెట్, ఏ సేబో? వాడినవాళ్లు చెప్పండి

కొలంబస్_కుర్రాడు:
అందరికీ నమస్కారం. ఉండేది ఓహాయోలో. నాలుగేళ్లుగా మామూలు మజిల్‌లోడర్‌తో (మూతి నుంచే మందూ బుల్లెట్ కూరే తుపాకి) జింకల వేటకి వెళ్తున్నాను. పోయిన నెల ఒక గన్‌స్మిత్‌తో రెమింగ్టన్ 700 రైఫిల్ యాక్షన్ (పేల్చే భాగం) మీద .50 (అర అంగుళం) స్మోక్‌లెస్ బ్యారెల్, అంటే పొగ తక్కువ వచ్చే బలమైన మందుకి తట్టుకునేది, బిగించి చేయించుకున్నాను. ట్విస్ట్ 1:24 (లోపలి గాడి 24 అంగుళాలకి ఒక చుట్టు). తుపాకి మందు ఏది, ఎంత అన్నది ఆయన కాగితం మీద రాసిచ్చాడు, దాన్ని దాటను. తేలనిది బుల్లెట్, సేబో (బుల్లెట్ చుట్టూ వేసే ప్లాస్టిక్ తొడుగు) సంగతే. షాపు కౌంటర్లో అబ్బాయి "యాభై అని రాసున్న ప్యాకెట్ ఏదైనా పడుతుంది" అన్నాడు. రెండు రకాల సేబోలు తెచ్చాను. ఒకటి రామ్‌రాడ్‌ని (బుల్లెట్‌ని లోపలికి తోసే కడ్డీ) ఒక్క వేలితో నొక్కితే జర్రున దిగిపోయింది. రెండోది సగంలో ఇరుక్కుంది, ఒళ్లంతా బరువు వేస్తే గానీ కదల్లేదు. రెండు ప్యాకెట్ల మీదా సైజు ఒకటే. మాకు 150 గజాలు దాటి కొట్టే పని ఉండదు.

అన్నట్టు నేను 'సాబాట్' అన్నాను. షాపు అబ్బాయి 'సేబో' అని దిద్దాడు. అదొక్కటే అతను సరిగ్గా చెప్పింది.

పెద్దాయన_పెన్సిల్వేనియా:
తమ్ముడూ, వేలితో దిగినదాన్ని ఇవాళే అవతల పారెయ్. తుపాకి మూతి కిందికి వంచి రెండు గంటలు అడవిలో తిరిగావనుకో, ఆ బుల్లెట్ మెల్లగా ముందుకి జారుతుంది. మందుకీ బుల్లెట్‌కీ మధ్య ఖాళీ వస్తుంది. అలా పేలిస్తే బ్యారెల్ ఉబ్బొచ్చు, పగలొచ్చు కూడా. అంత దూరం పోకపోయినా, వదులుగా ఉంటే స్మోక్‌లెస్ మందుకి కావాల్సిన బిగువు దొరకదు, ఒక్కో దెబ్బ ఒక్కో వేగంతో పోతుంది.

ఇరుక్కున్నదీ వద్దు. రెండు చేతులతో నిదానంగా నొక్కితే ఒకే బిగువుతో కింది దాకా పోవాలి, మధ్యలో వదులవకూడదు. మందూ బుల్లెట్ కూర్చున్నాక రామ్‌రాడ్ మీద మూతి దగ్గర గీత పెట్టుకో. ఖాళీ బ్యారెల్‌కి ఇంకో గీత. బుల్లెట్ కిందికి దిగిందా లేదా, మరిచిపోయి రెండోసారి కూరావా అన్నది ఆ గీతలే చెప్తాయి. నా రామ్‌రాడ్ మీద మా ఆవిడ నెయిల్ పాలిష్ గీత పదేళ్లుగా ఉంది.

సేబో అంటే ఫ్రెంచిలో చెక్క చెప్పు. మన పావుకోళ్లే. బుల్లెట్ పావుకోళ్లేసుకుని బ్యారెల్ దాటాక విడిచేస్తుందన్నమాట.

కొలంబస్_కుర్రాడు:
పావుకోళ్లు భలే ఉంది అన్నా. ఒకే సైజు రాసున్నవి అంత తేడాగా ఎందుకున్నాయి మరి?

పెద్దాయన_పెన్సిల్వేనియా:
.50 అన్నది పేరు. బోర్ (గొట్టం లోపలి వ్యాసం) .500 అంగుళం ఉండొచ్చు, .502 ఉండొచ్చు. ప్లాస్టిక్ మందం కంపెనీకొకటి. లెక్క చూడు. .500 బోర్లో .452 బుల్లెట్ పెడితే చుట్టూ మిగిలేది అంగుళంలో 24 వేల వంతులే. అదే .430 బుల్లెట్ అయితే 35. ఆ సందంతా సేబో రేకులు నింపాలి. ఒకటి రెండు వేల వంతుల తేడా మన చేతికి ఇట్టే తెలిసిపోతుంది. అందుకే నా బ్యారెల్‌కి పడింది నీకు పడాలని లేదు. ముందు గన్‌స్మిత్‌ని బోర్ ఖచ్చితమైన కొలత అడుగు. ఎంఎంపీ, హార్వెస్టర్ రెండు కంపెనీల సేబోల్లో రెండు మూడు రకాలు చిన్న ప్యాకెట్లు తెచ్చి, మందు లేకుండా ఖాళీ బ్యారెల్లో దించి చూడు.

నేను సావేజ్ 10ఎంఎల్-II వాడుతున్నాను. హెన్రీ బాల్ రూపకల్పనతో స్మోక్‌లెస్ మందుకి ఫ్యాక్టరీలో తయారైన తుపాకి అది. తయారీ ఆపేసి చాలా ఏళ్లయింది, నాది ఇంకా కొడుతోంది.

గోదారి_గాలి:
బుల్లెట్ సంగతి నేను చెప్తా. మొదటి ఏడాది చవగ్గా దొరికాయని పిస్టల్ కోసం చేసిన 250 గ్రెయిన్ల హాలోపాయింట్లు (మొనలో గుంట ఉండే బుల్లెట్లు) వాడాను. పిస్టల్ వేగాలకి చేసిన బుల్లెట్‌ని సెకనుకి 2,300 అడుగుల దగ్గర పంపితే ఏమవుతుందో 40 గజాల్లో తెలిసింది. భుజం ఎముకకి తగిలి పైపైనే చితికిపోయింది. జింక చీకటి పడేదాకా దొరకలేదు, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తర్వాత .452 హోర్నాడీ ఎక్స్‌టీపీ మాగ్ 300 గ్రెయిన్లకి మారాను. .454 కసుల్ (బలమైన రివాల్వర్ తూటా) లాంటి వేగాలకి గట్టిగా చేసిన బుల్లెట్ అది. కొత్తవాళ్లకి ఒక మాట: ఇక్కడ గ్రెయిన్ అంటే గింజ కాదు, బరువు. 300 అంటే 19న్నర గ్రాములు.

ఇంకోటి, నేనుండేది కొలరాడోలో. ఇక్కడ మజిల్‌లోడర్ సీజన్లో సేబోలు, స్మోక్‌లెస్ మందు, స్కోప్ అన్నీ నిషిద్ధం. కాబట్టి ఆ తుపాకి నాకు మామూలు రైఫిల్ సీజన్‌కే. పక్క రాష్ట్రానికి వేటకి పోయేవాళ్లు ఆ రాష్ట్రం రూల్సు ముందే చదువుకోండి.

శాక్రమెంటో_సుబ్బలక్ష్మి:
మా కాలిఫోర్నియాలో 2019 జూలై 1 నుంచి వేటకి సీసం బుల్లెట్లే వాడకూడదు. బార్న్స్ కంపెనీ రాగి బుల్లెట్ల లాంటివి తప్ప మాకు పెద్దగా దారి లేదు. రాగి బుల్లెట్ పూవులా విచ్చుకుంటుంది, ముక్కలవదు, దాదాపు ఎప్పుడూ ఆవలి వైపుకి వెళ్లిపోతుంది. కానీ సీసం కంటే తేలిక కాబట్టి అదే బరువుకి పొడవెక్కువ. దూరం పెరిగి వేగం పడిపోతే సరిగ్గా విచ్చుకోదు. మీ 150 గజాలకి పర్లేదు.

మొనదేలిన బుల్లెట్లు వాడేవాళ్లు రామ్‌రాడ్ కొనకి ఆ మొనకి సరిపడే జాగ్ (కొనకి బిగించే ముక్క) పెట్టుకోండి. మామూలు చదును కొనతో తోస్తే ప్లాస్టిక్ మొన పక్కకి వంగిపోతుంది. మా వారు రెండు డబ్బాలు అలా పాడుచేశాకే నా మాట విన్నారు.

నాటుకోడి_మిన్నెసోటా:
అన్నలూ, డౌట్. నా దగ్గర మామూలు మజిల్‌లోడర్ ఉంది. బ్లాక్‌హార్న్ 209 మందు కూడా స్మోక్‌లెస్ లాగే కనిపిస్తుంది కదా, మరి స్మోక్‌లెస్ పోస్తే ఏమవుతుంది? మా తాత దగ్గర లైసెన్స్ బర్మారు (మూతి నుంచి మందు కూరే నాటు) తుపాకి ఉండేది, ఆయనైతే మందు గుప్పిట్లో అంచనా వేసి పోసేవాడు.

పెద్దాయన_పెన్సిల్వేనియా:
వద్దు బాబూ. నీ బ్యారెల్ మీద నల్లటి మందుకి (బ్లాక్ పౌడర్‌కి) మాత్రమే అని చెక్కి ఉంటుంది, చదువు. ('నల్లమందు' అని కలిపి రాస్తే మనవాళ్లు ఇంకేదో అనుకుంటారు.) బ్లాక్‌హార్న్ బ్లాక్ పౌడర్‌కి బదులుగా అమ్మేది, సాధారణంగా కొలగొట్టంతో పరిమాణం కొలిచి పోస్తారు. అసలు స్మోక్‌లెస్ మందు త్రాసు మీద తూచి మాత్రమే పోయాలి, అదీ అందుకోసం కట్టిన తుపాకిలోనే. మామూలు మజిల్‌లోడర్లో అది పోస్తే నీ చేతులూ మొహమూ ఉండవు. మీ తాతగారి గుప్పిట ఇక్కడ పనికిరాదు.

హెచ్‌వన్‌బీ_వేటగాడు:
నాకిది కొత్త. వీసా మీద ఉన్నవాళ్లం అసలు తుపాకి పెట్టుకోవచ్చా?

గోదారి_గాలి:
నాన్-ఇమిగ్రెంట్ వీసా వాళ్లకి ఫెడరల్ చట్టం మామూలుగా ఒప్పుకోదు. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది. అది గడువు దాటిపోకుండా చూసుకోవాలి. మీ రాష్ట్రం రూల్సు వేరే ఉంటాయి కాబట్టి కొనేముందు లాయర్‌ని అడగండి, ఫోరమ్ మాట మీద కొనకండి.

కొలంబస్_కుర్రాడు:
రెండు వారాలైంది, ఫలితం చెప్తాను. గన్‌స్మిత్ బోర్ .501 అన్నాడు. నాలుగు రకాల సేబోలు ఖాళీ బ్యారెల్లో దించి చూసి ఒకటి తేల్చాను. బుల్లెట్ 300 ఎక్స్‌టీపీ మాగ్. 100 గజాల్లో మొదటి రెండూ ఒకదాన్నొకటి తాకాయి. మూడోది నాలుగంగుళాలు కుడికి! నాలుగోది ఇంకా పక్కకి. ముందుకెళ్లి సేబోలు ఏరుకొచ్చాను. మొదటి రెండింటికీ నాలుగు రేకులూ శుభ్రంగా విచ్చుకుని ఉన్నాయి, అడుగు గుండ్రంగా ఉంది. మూడోదానికి ఒక రేకు లేదు, అడుగు కరిగి చిరిగింది.

పెద్దాయన_పెన్సిల్వేనియా:
ఎంత సేపాగి కొట్టావు?

కొలంబస్_కుర్రాడు:
మూడు నిమిషాలేమో.

పెద్దాయన_పెన్సిల్వేనియా:
అదే జబ్బు. స్మోక్‌లెస్ బ్యారెల్‌ని త్వరగా వేడెక్కిస్తుంది, వేడి బ్యారెల్లో ప్లాస్టిక్ మెత్తబడుతుంది. ముట్టుకుంటే చల్లగా తగిలేదాకా ఆగు. ఎండాకాలమైతే పది నిమిషాలు సరిపోదు, నేను తడి టవల్ కప్పుతాను. జనవరిలో మీ సీజన్లో దీనికి పూర్తిగా తలకిందులు: చలికి ప్లాస్టిక్ బిగుసుకుంటుంది, సేబోలు లోపలి జేబులో పెట్టుకో. ఇంటికెళ్లాక బ్యారెల్లో ప్లాస్టిక్ చారలు ఉంటాయి, ఇత్తడి బ్రష్‌తో తీసెయ్.

కొలంబస్_కుర్రాడు:
నిన్న మళ్లీ వెళ్లాను. పావుగంటకి ఒక్కటి చొప్పున కొట్టాను. అయిదూ రెండంగుళాల్లోపే. టార్గెట్, సేబోలు, బెంచీ ఫోటోలు పెట్టాను.

పెద్దాయన_పెన్సిల్వేనియా:
టార్గెట్ బాగుంది. బెంచీ మీద స్మోక్‌లెస్ డబ్బా పక్కన బ్లాక్‌హార్న్ సీసా ఎందుకుంది?

కొలంబస్_కుర్రాడు:
పాత తుపాకి కూడా తీసుకెళ్లాను అన్నా. ఇవాళ పొద్దున ఆ సీసా గ్యారేజీలో వేరే అలమరాలో పెట్టి తాళం వేశాను. ఇకమీదట రోజుకి ఒక్క తుపాకే.