అప్‌డేట్: నాన్నగారి ఆపరేషన్‌లో రింగర్ లాక్టేట్ గురించి

నాన్నగారి పెద్దపేగు ఆపరేషన్‌లో మామూలు సెలైన్ బదులు రింగర్ లాక్టేట్ (ఉప్పుతో పాటు పొటాషియం, కాల్షియం, లాక్టేట్ కలిసిన, నరంలోకి ఎక్కించే ద్రవం) ఎందుకు, అసలే క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు తగ్గితే రక్తంలో పెరిగే పదార్థం) ఎక్కువున్న మనిషికి అందులోని పొటాషియం ప్రమాదం కాదా అని అడిగాను కదా. తిరుపతిలో ఆపరేషన్ బాగానే జరిగింది, చిత్తూరు వచ్చేశాం. క్రియాటినిన్ పెరగలేదు.

మత్తు డాక్టరు గారు ఓపికగా వివరించారు. రింగర్‌లో పొటాషియం లీటరుకు సుమారు 4 మిల్లీమోల్స్, అంటే రక్తంలో ఉన్నంతే. చూడవలసింది క్లోరైడ్‌ను. మామూలు (0.9 శాతం) సెలైన్‌లో అది లీటరుకు 154 మిల్లీమోల్స్, రక్తంలో సుమారు 100. సెలైన్ లీటర్లకొద్దీ ఎక్కిస్తే రక్తంలో ఆమ్లత పెరుగుతుంది, కణాల్లోని పొటాషియం బయటికొస్తుంది. మూత్రపిండాల మార్పిడిలో కూడా రింగర్ కంటే సెలైన్‌తోనే పొటాషియం ఎక్కువ పెరిగినట్టు తేలిందట!

“అయితే ఏదైనా తక్కువే ఎక్కించమనండి” అన్నారు మా బావగారు (ఆయనకు అన్నీ తెలుసు). అదీ కుదరదు. 2018లో వెలువడిన రిలీఫ్ అధ్యయనంలో, పెద్ద ఉదర శస్త్రచికిత్సల్లో ద్రవాలు బాగా తగ్గించినవారిలో 8.6 శాతం మందికి, ధారాళంగా ఇచ్చినవారిలో 5 శాతం మందికి మూత్రపిండాలు దెబ్బతిన్నాయి.

రక్తం ఎక్కించిన గొట్టంలో మాత్రం సెలైనే వాడారు. రింగర్‌లోని కాల్షియం వల్ల నిల్వ రక్తం గడ్డకట్టవచ్చట.