చిన్న జలాంతర్గామికి వీక్షణ గోపురం: ఉక్కుదా, యాక్రిలిక్‌దా?

తీరవాసి:
మా కళాశాల బృందం ఇద్దరు కూర్చుని 100 మీటర్ల లోతుకు దిగగల చిన్న జలాంతర్గామిని ప్రస్తుతానికి కాగితం మీద రూపొందిస్తోంది. ఒడలు ఉక్కు గొట్టమే అన్నది తేలిపోయింది. తేలనిది పైన తల ఉంచి చుట్టూ చూసే గోపురం సంగతి. సగం మంది ఉక్కు గోపురం కట్టి చుట్టూ ఆరు కిటికీలు పెడదామంటున్నారు, మిగతావారు ఏకంగా యాక్రిలిక్ (గాజులా కనిపించే గట్టి ప్లాస్టిక్) అర్ధగోళాన్నే కూర్చోబెడదామంటున్నారు. అనుభవం ఉన్నవారు కారణాలతో సహా చెప్పవలసిందిగా మనవి.

గాజువాక ఫ్యాబ్రికేటర్:
నా మాట ఉక్కుకే. 100 మీటర్ల లోతున ప్రతి చదరపు సెంటీమీటరు మీద ఇంచుమించు 10 కిలోల బరువు పడుతుంది. 60 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న మూత మీద అది మొత్తం 28 టన్నులు. ఉక్కు అతుకులో దోషం ఉంటే అల్ట్రాసోనిక్ (శబ్ద తరంగాల) పరీక్షతో పట్టుకుని, గ్రైండ్ చేసి, తిరిగి వెల్డింగ్ చేసే మనిషి మన ఊళ్లోనే దొరుకుతాడు. యాక్రిలిక్ అలా కాదు. మా షాపులో లేత్ మిషనుకున్న యాక్రిలిక్ కవచాన్ని ఒక కుర్రవాడు గ్రీజు పోవాలని థిన్నర్ గుడ్డతో తుడిచాడు. మర్నాడు పొద్దున చూస్తే బోల్టు రంధ్రాల చుట్టూ వెంట్రుకల్లాంటి గీతలు విచ్చుకుని ఉన్నాయి, అవి కూడా లైటు పక్కనుంచి పడితేనే కనిపించాయి. బోల్టు బిగింపు తప్ప దాని మీద వేరే ఒత్తిడే లేదు. అటువంటి పదార్థం కింద పిల్లలు తలలు పెట్టి దిగుతారంటే నాకు మనసొప్పదు.

పాలిమర్ పరిశోధకుడు:
ఫ్యాబ్రికేటర్ గారూ, మీరు చూసిన గీతలు నిజమైనవే, భయమూ న్యాయమైనదే. అయితే ఉక్కు గోపురం కట్టినా దాని కిటికీలు యాక్రిలిక్‌వే కదా? కనుక ఇక్కడ పోటీ ఉక్కుకూ యాక్రిలిక్‌కూ మధ్య కాదు. ఒక్క పెద్ద యాక్రిలిక్ ముక్క, ఒక్క అతుకు ఒక వైపు, ఆరు చిన్న ముక్కలు, ఆరు అతుకులు మరొక వైపు. పైగా చదునైన కిటికీ నీటి ఒత్తిడికి లోపలికి వంగి, దాని లోపలి ముఖం సాగుతుంది, సాగదీతే యాక్రిలిక్‌కు అసలైన శత్రువు. గోళాకారం చాలావరకు నొక్కుడునే ఎదుర్కొంటుంది. అమెరికా నౌకాదళం 1970లో పన్నెండు పంచభుజి ముక్కలు అతికించి నీమో అనే సంపూర్ణ యాక్రిలిక్ గోళాన్ని మనుషులతో నీట దింపింది.

బరువు విషయం కూడా చూడండి. 60 కిలోల ఉక్కు సముద్రపు నీటిలో 52 కిలోలు తూగితే, అంతే బరువున్న యాక్రిలిక్ 8 కిలోలే తూగుతుంది. నడినెత్తిన ఉండే భాగానికి ఈ తేడా పడవ నిలకడనే మార్చివేస్తుంది. ఇక చూపు మాట: చదునైన కిటికీకి ఎంత దగ్గరగా ముఖం పెట్టినా నీటిలో దాదాపు 97 డిగ్రీలకు మించి కనిపించదు, గోళం మధ్యలో తల ఉన్నవారికి ఆ హద్దు లేదు.

గాజువాక ఫ్యాబ్రికేటర్:
ఆరు అతుకుల మాట ఒప్పుకుంటున్నాను, నేను ఆ వైపు నుంచి ఆలోచించలేదు. కానీ చిన్న కిటికీ పోతే నష్టం చిన్నది కదా?

పాలిమర్ పరిశోధకుడు:
100 మీటర్ల లోతున 15 సెంటీమీటర్ల కిటికీ ఊడితే నీరు మొదట సెకనుకు 400 లీటర్లకు పైగా దూసుకువస్తుంది. ఇద్దరు పట్టే పడవలో ఉండేదే రెండు, మూడు ఘనమీటర్ల గాలి. చిన్న రంధ్రమని అది మనల్ని కనికరించదు.

తీరవాసి:
2023లో టైటానిక్ శిథిలాలు చూడటానికి దిగిన టైటాన్ జలాంతర్గామి ప్రమాదం తరువాత మా ఆచార్యులు యాక్రిలిక్ పేరెత్తితేనే వద్దంటున్నారు.

పాలిమర్ పరిశోధకుడు:
అమెరికా కోస్ట్ గార్డ్ దర్యాప్తు తప్పుపట్టింది కార్బన్ ఫైబర్ ఒడలినీ, దానిని సరిగా పరీక్షించని పద్ధతినీ. ఆచార్యులవారికి 1973 జూన్‌లో ఫ్లోరిడాలోని కీ వెస్ట్ సమీపాన జరిగిన ప్రమాదాన్ని గుర్తు చేయండి. జాన్సన్ సీ లింక్ అనే జలాంతర్గామి మునిగిన ఓడ శిథిలాల్లో చిక్కుకుని ఒక రోజుకు పైగా అడుగునే ఉండిపోయింది. వెనుక అల్యూమినియం గది చల్లబడిపోవడంతో కార్బన్ డయాక్సైడును పీల్చుకునే రసాయనం సరిగా పనిచేయక అక్కడి ఇద్దరూ మరణించారు. వేడిని సులభంగా పోనివ్వని యాక్రిలిక్ గోళంలో ముందున్న ఇద్దరూ బతికారు. ఈ ఘటన తలచుకున్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే వారిని వేరు చేసింది ఒక్క గోడ.

గాజువాక ఫ్యాబ్రికేటర్:
వేడి మాట మీరే ఎత్తారు కనుక నా అసలు అభ్యంతరం చెబుతాను. ఎండలో 45 డిగ్రీలకు కాగిన గోపురం 25 డిగ్రీల నీటిలోకి దిగితే, 60 సెంటీమీటర్ల యాక్రిలిక్ 0.8 మిల్లీమీటర్లకు పైగా కుంచించుకుంటుంది, దాని కింది ఉక్కు వలయం 0.14 మాత్రమే. బోల్టులతో కదలకుండా బిగించారా, పగులు మొదలయ్యేది అక్కడే. 1960లో ట్రియెస్టే అనే లోతు నీటి నౌక సముద్రంలోకెల్లా లోతైన చాలెంజర్ అగాధానికి దిగుతుండగా సుమారు 9,000 మీటర్ల వద్ద ప్రవేశమార్గపు ప్లాస్టిక్ కిటికీయే పగిలింది.

పాలిమర్ పరిశోధకుడు:
అందుకే గోపురాన్ని బిగించరు, కూర్చోబెడతారు. గాడిలో అది కాస్త కదలడానికి చోటు వదిలి, కింద గాస్కెట్ (నీరు చొరకుండా ఆపే మెత్తటి పొర) వేసి, పై వలయం అది లేచిపోకుండా మాత్రమే పట్టుకుంటుంది. నీటి ఒత్తిడే దానిని సీటు మీద అదిమి ఉంచుతుంది. ఒడ్డున ఉన్నంతసేపూ తెల్లటి గుడ్డ కప్పాలి, థిన్నర్, అసిటోన్ దరిదాపులకు రానివ్వకూడదు. మనుషులుండే పీడన పాత్రల అమెరికన్ ప్రమాణం కిటికీ ఆకారాన్ని బట్టి 10 లేదా 20 ఏళ్ల ఆయుష్షు నిర్ణయించింది, అది దాటాక గీత ఒక్కటీ లేకపోయినా మార్చవలసిందే. సైన్‌బోర్డుల షీటును వేడిచేసి ఊదించిన గుమ్మటం మాత్రం ఎవరు ఇచ్చినా తీసుకోవద్దు.

గాజువాక ఫ్యాబ్రికేటర్:
అయితే నా షరతు ఇది. ధ్రువపత్రం ఉన్న పోత గుమ్మటం కొనగలిగితే గుమ్మటం. ఆ డబ్బు లేకపోతే ఉక్కు గోపురం, కిటికీలు మాత్రం చదునువి కాదు, నీరు నొక్కేకొద్దీ సీటులో మరింత బిగుసుకునే శంకువు ఆకారపు ముక్కలు. తీరవాసి గారూ, ముందు ఆ వలయం, గాడి డ్రాయింగు గీసి ఇక్కడ ఉంచండి. మెషీనింగ్ కొలతలు నేను చూసిపెడతాను.