ఒంగోలులో కుంకుమపువ్వు పూస్తుందా? 20 దుంపలు తెప్పించాను, తెలిసినవాళ్ళు చెప్పండి

ఒంగోలు_మిద్దెతోట (ఆగస్టు 24)

అందరికీ నమస్కారం. నిరుడు అక్టోబర్ ఆఖర్లో అమ్మని తీసుకుని కశ్మీర్ వెళ్ళాం. శ్రీనగర్ దాటాక పాంపోర్ దగ్గర కారు ఆపితే పొలం నిండా ఊదారంగు పూలు, నేలకి ఆనుకుని, జానెడు ఎత్తు కూడా లేవు. అమ్మ గట్టు మీద కూర్చుని అరగంట దాకా లేవలేదు. ఆమెది కనిగిరి దగ్గర మెట్ట పల్లె, చిన్నప్పటి నుంచి కంది, సజ్జ చేలే చూసిన మనిషి. ఇంటికొచ్చాక కూడా ఆ పువ్వు మన మిద్దె మీద ఒక్కటి పూస్తే బాగుండు అని నాలుగైదుసార్లు అనింది. అందుకని ఆన్‌లైన్‌లో 20 దుంపలు తెప్పించాను, మొన్ననే వచ్చాయి. కొన్ని చిన్న ఉల్లిపాయంత ఉన్నాయి, కొన్ని కుంకుడుకాయంతే. అమ్మినతను ఎక్కడైనా వస్తుంది, ఎర్రమట్టిలో పెట్టి రోజూ నీళ్ళు పోయమన్నాడు. నాకెందుకో నమ్మకం కలగడం లేదు. మనకి మే నెలలో ఎండ ఎట్లా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. అమ్ముకోవడానికి కాదు, ఒక్క పువ్వు పూస్తే చాలు. ఏం చేయాలి?

కావలి_పూలమొక్కలు

అక్కా, అతని మాట విని రోజూ నీళ్ళు మాత్రం పోయొద్దు, వారంలో కుళ్ళిపోతాయి. ముందు అవి నిజంగా కుంకుమపువ్వు దుంపలేనా చూసుకోండి. నాకు ఒకసారి ఇదే పేరుతో గ్లాడియోలస్ దుంపలు అంటగట్టారు. కుంకుమపువ్వు దుంప అడుగున చదునుగా, పైన గుండ్రంగా ఉంటుంది, గోధుమరంగు పీచు వలలాగా చుట్టుకుని ఉంటుంది.

ఇంకో మాట, ఇది కొంచెం గట్టిగానే చెప్తున్నాను. ఆటమ్ క్రోకస్ అని కూడా కొందరు అమ్ముతుంటారు. క్రోకస్ అంటే కుంకుమపువ్వు జాతి పేరు. పేరులో క్రోకస్ ఉన్నా అది వేరే జాతి, కోల్చికం. పువ్వు చూడ్డానికి దగ్గరగానే ఉంటుంది కానీ అది విషం. మన కంచెల్లో పాకే అడవినాభిలో ఉండే కోల్చిసినే దాంట్లోనూ ఉంటుంది. పూసినప్పుడు లోపల పుప్పొడి ఉండే కేసరాలు (ఎర్ర పోగులు కాదు) లెక్కపెట్టండి, అసలు క్రోకస్‌కి మూడే, కోల్చికంకి ఆరు. అనుమానం తీరేదాకా ఆ పువ్వులోది ఏదీ పాలల్లో వేయొద్దు, ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే కుండీ అందకుండా పెట్టండి.

నెల్లూరు_కుండీలు

ఫ్రిజ్‌లో పెట్టండి మేడమ్, అంతకంటే మార్గం లేదు. మా చెల్లి బెంగళూరులో క్రోకస్ దుంపల్ని పేపర్ కవర్లో చుట్టి కూరగాయల అరలో మూడు నెలలు పెట్టి తీసి కుండీలో నాటితే పసుపు, తెలుపు పూలు పూశాయి. పండ్లు మాత్రం పక్కన ఉంచకూడదు, పండేటప్పుడు వాటి నుంచి వచ్చే గ్యాస్‌కి లోపలి మొగ్గ చచ్చిపోతుంది.

ఉదయగిరి_తోటమాలి

పై తమ్ముడు చెప్పింది అబద్ధం కాదు, కానీ అది వేరే క్రోకస్. చలికాలం పోయాక వసంతంలో పూసే డచ్ రకాలకి 9 డిగ్రీల లోపు చలి పన్నెండు నుంచి పదిహేను వారాలు కావాలి, వాటికి ఫ్రిజ్ సరిపోతుంది. కుంకుమపువ్వు పూసేది శరదృతువులో, దాని లెక్క పూర్తిగా వేరు. దాన్ని తీసుకెళ్ళి ఫ్రిజ్‌లో పెడితే పువ్వు రాదమ్మా.

దాని సంగతి ఇదీ. ఎండాకాలంలో ఆకులన్నీ ఎండిపోయి దుంప మట్టిలో నిద్రపోతున్నట్టు ఉంటుంది, కానీ లోపల మొగ్గ కట్టేది అప్పుడే, దానికి 23 నుంచి 27 డిగ్రీల వేడి చాలు. తర్వాత 17 డిగ్రీల దగ్గరికి చల్లబడితేనే ఆ మొగ్గ బయటికొస్తుంది. పాంపోర్ దాదాపు 1600 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి అక్కడ ఇదంతా దానంతట అదే జరిగిపోతుంది. మనకి రోహిణి కార్తెలో మిద్దె మీద కుండీ మట్టి కాలిపోతుంటుంది, అక్టోబర్ రాత్రి కూడా 24, 25 కి తగ్గదు. పైగా అది పూసే అక్టోబర్, నవంబర్ నెలల్లోనే మనకి ఈశాన్య రుతుపవనాలు, వాయుగుండాలు. వారం రోజులు ముసురు పట్టిందంటే దుంప మెత్తబడిపోతుంది.

అయినా మీకు ఒక అవకాశం ఉంది. మీకొచ్చిన దుంప చల్లని చోట పెరిగి ఉంటే మొగ్గ ఈపాటికే లోపల ఉంటుంది. మొదటి పువ్వుకి మట్టి కూడా అక్కర్లేదు, దుంపలో దాచుకున్న బలంతోనే పూస్తుంది. కశ్మీర్‌లోనూ ఇప్పుడు కొందరు గదుల్లో ట్రేలలో పేర్చి పూయిస్తున్నారు. కాబట్టి ఎనిమిది గ్రాముల పైన తూగేవి ఏరండి, చిన్నవి ఈ ఏడు పూయవు. అప్పటిదాకా ఇంట్లో నీడన, గాలి ఆడే చోట, పొడిగా ఉంచండి. అక్టోబర్ మొదటి వారంలో మొన తేలిన పక్కని పైకి పెట్టి ట్రేలో సర్ది, ఏసీ గదిలో 17, 18 డిగ్రీల్లో ఉంచండి. నీళ్ళు పోయకూడదు, గాలి మరీ పొడిగా ఉంటే పక్కన గిన్నెలో నీళ్ళు పెట్టండి చాలు.

పూశాక వెంటనే మట్టిలోకి మార్చాలి. సగం ఎర్రమట్టి, సగం ఇసుక, పిడికెడు మాగిన పశువుల ఎరువు, నాలుగు అంగుళాల లోతు. అక్కడి నుంచి ఆకులకి బాగా ఎండ తగలాలి, ఎందుకంటే ఈ దుంప కరిగిపోయి దాని మీద పిల్ల దుంపలు ఊరేది ఆ ఆకుల వల్లే. ఈ మొక్కకి గింజ కట్టదు, పిల్ల దుంపలే దాని సంతానం. మనకి చిక్కు వచ్చేది ఇక్కడే. కశ్మీర్‌లో ఆకులు ఏప్రిల్ దాటి నిలుస్తాయి, మనకి ఫిబ్రవరి ఆఖరికే ఎండిపోతాయి, దుంప ఊరడానికి టైమ్ చాలదు. రెండో ఏడు పూస్తుందని ఆశ పెట్టుకోవద్దని చెప్పేది అందుకే. ఒక్క గ్రాము కుంకుమపువ్వుకి 150 దాకా పూలు కావాలి, కాబట్టి ఇంట్లో పండించి లాభం తీస్తామని ఎవరైనా చెప్తే ఏసీ బిల్లు కూడా లెక్కేసుకోమనండి.

పొదలకూరు_నిమ్మతోట

అక్కా, వచ్చే ఏడు కూడా అమ్మకి ఆ ఆకారం పువ్వు కనిపించాలంటే రెయిన్ లిల్లీ పెట్టండి. తెల్లది అయితే దూరం నుంచి క్రోకస్ అనే అనుకుంటారు, ఆకు కూడా సన్నగా అట్లాగే ఉంటుంది. మా బావి గట్టున గులాబీ రంగుది ఉంది, వాన పడిన మూడో రోజో నాలుగో రోజో ఒక్కసారిగా లేస్తుంది. మన ఎండకి చావదు, మన వానకి కుళ్ళదు. దీని గడ్డ కూడా నోట్లో పెట్టుకునేది కాదు, పిల్లలకి చెప్పి ఉంచండి.

ఊదా ఛాయ కావాలంటే భూచంపకం ఉంది. ఇండియన్ క్రోకస్ అని దానికి ఇంకో పేరు. పసుపు, అల్లం కుటుంబమే. ఎండాకాలంలో ఆకు లేకుండా నేలలోంచి నేరుగా పువ్వు వస్తుంది, మంచి వాసన. ఆకులొచ్చాక సగం నీడ, తడి కావాలి. చలికాలంలో ఆకు ఎండిపోతుంది, చచ్చిపోయిందనుకుని తవ్వి పారేయొద్దు. కడియం నర్సరీల్లో అడిగి చూడండి. రెయిన్ లిల్లీ గడ్డలు నా దగ్గర కావలసినన్ని ఉన్నాయి, డబ్బులేమీ వద్దు.

ఒంగోలు_మిద్దెతోట (నవంబర్ 17)

అందరికీ పేరుపేరునా దండాలు. తోటమాలి బాబాయ్ గారు చెప్పినట్టే చేశాను. తూకం వేస్తే ఎనిమిది గ్రాములు దాటినవి 11 వచ్చాయి. అక్టోబర్ 5న ట్రేలో సర్ది చిన్న గదిలో ఏసీ కింద పెట్టాను. మధ్యలో కరెంటు పోయి రెండు రోజులు గది వేడెక్కితే ఇంక అయిపోయిందనుకుని చాలా టెన్షన్ పడ్డాను. రెండు దుంపలు మెత్తబడ్డాయి, తీసేశాను. మిగతావాటిలో నాలుగు పూశాయి. మొదటిది పోయిన సోమవారం పొద్దున విచ్చింది. కేసరాలు లెక్కపెట్టాను, మూడే. అమ్మని లేపి తీసుకొస్తే వేలు దగ్గరికి తీసుకెళ్ళింది గానీ తాకలేదు. నాలుగు పూలకి పన్నెండు ఎర్ర పోగులు వచ్చాయి, నీడన ఎండబెట్టి దేవుడి దగ్గర పెట్టుకుంది, ఎవరినీ ముట్టనివ్వడం లేదు.

దుంపలు ఇసుక కలిపిన కుండీలోకి మార్చి, వాన జల్లు తగలకుండా వరండాలో తూర్పు ఎండకి పెట్టాను. పొదలకూరు తమ్ముడూ, వచ్చే ఆదివారం నెల్లూరు పెళ్ళికి వస్తున్నాం, తెల్ల రెయిన్ లిల్లీ ఒక పది గడ్డలు తీసి ఉంచుతావా?