కాలిపోయిన 1973 ఫియట్: బాగు చేయించాలా, తుక్కుకి వేయాలా?

తెనాలి ఫియట్:
మా నాన్నగారు 1973లో కొత్తగా కొన్న బండి. అప్పట్లో ప్రీమియర్ ప్రెసిడెంట్ అన్న పేరుతో వచ్చింది, పద్మిని అన్న పేరు ఆ తరువాతది. ఇంట్లో మాత్రం ఎప్పుడూ ఫియట్ అనే అంటాం. పోయిన నెల గుంటూరు నుంచి వచ్చి షెడ్డులో పెట్టాక పెట్రోలు పైపు కారి ఇంజన్ దగ్గర అంటుకుంది. పక్కింటివాళ్లు బోరు నీళ్లు కొట్టి ఆర్పారు.

బానెట్ వంకర పోయింది. కార్బురేటర్ కరిగి ముద్దయింది. డ్యాష్‌బోర్డు, స్టీరింగ్, ముందు సీటు బూడిద. ముందు అద్దం పగిలింది, టాపు మీద ముందు సగం పెయింటు పొంగి రాలిపోయింది. వెనక సీటుకి పొగ పట్టింది కానీ కాలలేదు. డిక్కీ, ట్యాంకు బాగానే ఉన్నాయి. ఇన్సూరెన్సు థర్డ్ పార్టీ ఒక్కటే, కాబట్టి అక్కడి నుంచి పైసా రాదు.

ఒక గ్యారేజీవాళ్లు ఫోటో చూసి ఆరు లక్షలు అన్నారు. తుక్కు కొనేవాడు ముప్పై వేలు ఇస్తానంటున్నాడు. తమ్ముడు ఇచ్చేయమంటాడు. అమ్మేమో ఆ తుక్కువాడు మళ్లీ గేటు దగ్గరికొస్తే ఊరుకోనంది. ఎలా తేల్చుకోవాలో చెప్పండి.

లెక్కల మనిషి:
ఆరు లక్షలు పెట్టగలిగితే నడుస్తున్న పద్మిని ఒకటి చూసి కొనుక్కోండి, ఇంకా డబ్బు మిగులుతుంది. 2000 దాకా తయారైన బండి, దొరకనిదేం కాదు. సెంటిమెంటుకి పెట్టే ఖర్చని ముందే ఒప్పుకుంటే అది వేరే సంగతి.

ఆటోనగర్ టింకర్:
బాబూ, మాది విజయవాడ ఆటోనగర్. టింకరింగ్, అంటే బండ్ల రేకు పని. ఇప్పుడు షాపు మా అబ్బాయి చూస్తున్నాడు, నేను కుర్చీలో కూర్చుని వాడి పనికి వంకలు పెడుతుంటాను.

ఫోటో చూసి ఆరు లక్షలు అన్నవాడినీ నమ్మొద్దు, ముప్పై వేలు అన్నవాడినీ నమ్మొద్దు. నువ్వు చెప్పినవాటిలో సీటు, డ్యాష్‌బోర్డు, వైరింగ్, అద్దం అన్నీ డబ్బు పారేస్తే వచ్చేవి. చూడ్డానికి భయంగా ఉంటాయంతే. జీపుకైతే కింద చాసిస్ విడిగా ఉంటుంది, బాడీ పోయినా ఇంకోటి ఎక్కించవచ్చు. ఫియట్‌కి అలా కాదు, రేకే దాని ఎముక. రేకు నిలిస్తే బండి నిలిచినట్టు. ఇంజన్ సంగతి ఆ తరువాత చూసుకోవచ్చు.

వేడి ఎక్కడిదాకా వెళ్లిందో కరిగిన సామానే చెబుతుంది. కార్బురేటర్ జింకు పోత, 400 డిగ్రీల దగ్గర్లోనే కారిపోతుంది. అది కరిగిందని గుండెలు బాదుకోనక్కర్లేదు. అల్యూమినియం కరగాలంటే 600 అటూ ఇటూ కావాలి. పక్కనున్న అల్యూమినియం సామాన్ల అంచులు మెత్తబడ్డాయేమో చూడు. అవి పదునుగానే ఉంటే ఆ చుట్టూ రేకు కూడా చాలావరకు బతికి ఉంటుంది. రేకు పొట్టు పొట్టుగా లేచిన చోట బాగా కాగినట్టు లెక్క.

తరువాత తలుపులు. నాలుగూ మెల్లగా వేసి తీయి. సందులు పైనుంచి కిందిదాకా ఒకేలా ఉన్నాయా? ముందు తలుపు పైమూల రాసుకుంటుంటే అద్దం పక్క పిల్లరు కదిలిందేమో అని అనుమానించాలి. టాపు మీద బొటనవేలితో నొక్కు. డబుక్కుమని లోపలికి పోయి మళ్లీ పైకొస్తే రేకు సాగింది, ఎంత లప్పం పెట్టినా ఎండాకాలం రాగానే బయటపడుతుంది. అలాంటి టాపు కోసి వేరేది అతికించాల్సిందే. ఇంజన్‌కీ డ్యాష్‌బోర్డుకీ మధ్య అడ్డరేకు, దాని కింద ముందుకు పోయే రెండు మెంబర్లు, అంటే ముందు భాగాన్ని మోసే రేకు దూలాలు, ఇవి వంగితే మాత్రం నేను కూడా వద్దనే అంటాను.

హెడ్, అంటే ఇంజన్ పై భాగం, అల్యూమినియం. కరగకపోయినా వేడికి మెత్తబడుతుంది. లేత్ షాపులో వంపు, గట్టిదనం రెండూ చూపించు. ముందు కాయిల్ స్ప్రింగులు, బ్రేకు గొట్టాలు, మాస్టర్ సిలిండర్ రబ్బర్లు చూడ్డానికి బాగున్నా సరే, మార్చేయి. వాటి దగ్గర పొదుపు వద్దు.

ఇవాళే చేయాల్సిన పని ఇంకోటుంది. కాలిన వైర్ల ప్లాస్టిక్ మసిలో ఆమ్లం ఉంటుంది, తడి తగిలితే రేకుని తింటుంది. ఆ మసిని వంటసోడా కలిపిన నీళ్లతో కడిగి, బాగా ఆరబెట్టి, తుప్పు పట్టకుండా రెడ్ ఆక్సైడ్ పూత కొట్టించు. చాసిస్ నంబరు కొట్టిన చోట ఎవరినీ గీకనివ్వకు, పెయింటు వేయనివ్వకు. ముందు ఫోటో తీసి పెట్టుకో.

కాగితాల కామేశం:
ఆ చివరి మాట బంగారం. నంబరు పోతే బండి బాగైనా రోడ్డెక్కదు. మీ బండికి 50 ఏళ్లు దాటాయి కాబట్టి 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనల కిందకి రావచ్చు. ఇప్పటికే రిజిస్టరైన బండికి పాత నంబరు అలాగే ఉంచుకోవచ్చు. రిజిస్ట్రేషన్ పదేళ్లకి చెల్లుతుంది. కానీ ఆ పద్ధతిలో రోజూ తిప్పడానికి వీల్లేదు, ర్యాలీలకీ ప్రదర్శనలకీ, పెట్రోలుకీ మరమ్మతుకీ మాత్రమే. అసలు బాడీ, చాసిస్, ఇంజన్ పెద్దగా మార్చకూడదు కూడా. వేరే పద్మిని కొని దాని మీద మీ నంబరు కొట్టిస్తామని ఎవడో ఒకడు తప్పకుండా వస్తాడు. అది నేరం, మాట కూడా కలపకండి.

తెనాలి ఫియట్:
టింకర్ గారూ, మీరు చెప్పినట్టే చూశాను. అల్యూమినియం అంచులు చెక్కుచెదరలేదు. మూడు తలుపులు బాగానే పడుతున్నాయి. డ్రైవరు తలుపు పైమూల కాస్త రాసుకుంటోంది. టాపు ముందు భాగం మీరన్నట్టే డబుక్కుమంటోంది. అడ్డరేకు మీద పెయింటు లేదు కానీ నిటారుగానే ఉంది. చాసిస్ నంబరు చదవడానికి వస్తోంది. కడిగించి రెడ్ ఆక్సైడ్ వేయిస్తున్నాం.

ఆటోనగర్ టింకర్:
అడ్డరేకు నిలిచిందంటే తుక్కుకి ఇవ్వొద్దు. టాపు సగం మారుతుంది, బానెట్ వేరేది వెతకాలి, ముంబై కుర్లా తుక్కు బజారులో ఇప్పటికీ ఫియట్ సామాన్లు దొరుకుతాయి. డ్రైవరు తలుపు సంగతి మాత్రం హింజులు విప్పి చూసేదాకా చెప్పలేను. హింజు వంగితే చిన్న పని, పిల్లరు వంగితే ఖర్చు ఒక్కసారిగా పెరుగుతుంది. కాబట్టి ఎవరికీ మొత్తం పని ఒప్పజెప్పకు. మొదట రేకు పనికి మాత్రం మాట్లాడు, అది అయ్యాక ఇంజన్, ఆ తరువాతే సీట్లు, పెయింటు. లెక్కల మనిషి గారు అన్నది నిజమే, అమ్మితే ఈ డబ్బు వెనక్కి రాదు. అది మీ తమ్ముడికి ఇప్పుడే చెప్పేయి.

తెనాలి ఫియట్:
చెప్పాను. రేకు పనికి సగం వాడే పెట్టుకుంటానన్నాడు. ఆదివారం లారీ మాట్లాడుతున్నాం, మీ షాపు సెలవా?

ఆటోనగర్ టింకర్:
ఆదివారం సెలవే. సోమవారం రా. ముందు టైర్లు కాలి ఉంటే ఏవో పాతవైనా తగిలించి ఎక్కించు, రిమ్ముల మీద లాగితే ఇంకో ఖర్చు.